కడుపు చిన్నదైనా అవసరం చిన్నది కాదు
స్థూలకాయ శస్త్రచికిత్స తరువాత జీవితాంతం పాటించవలసిన జాగ్రత్తలు

ఒక వైద్యుడు తన వలన జరిగిన పొరపాటును నలుగురి ముందు చెప్పుకొనుట సులభమైన పని కాదు. అయినను అటువంటి పొరపాటు మరొక ఇంట జరుగకుండుటకై చెప్పక తప్పదు. స్థౌల్యానికి వంటింటి చికిత్సలు ఎన్నింటినో నేను ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చాను. వాటిలో మేలు చేసేవి లేకపోలేదు. కాని బరువు తగ్గుటకు శస్త్రచికిత్స చేయించుకున్నవారి విషయంలో వాటి స్థానమేమిటో, వాటి హద్దు ఎక్కడో నాకు నా సొంత చెల్లెలి వలన తెలిసింది.

మా ఇంట జరిగినది

మా చెల్లెలు ఉపాధ్యాయురాలు. నలభై ఏళ్ళు దాటేసరికి బరువు 118 కిలోలు. మధుమేహం, మోకాళ్ళ నొప్పులు, నిద్రలో ఊపిరి అందకపోవుట. పథ్యాలు, నడకలు, కషాయాలు అన్నీ అయినవి. బరువు ఐదు కిలోలు తగ్గి, ఏడు కిలోలు పెరిగేది. చివరకు 2018లో హైదరాబాదులో గ్యాస్ట్రిక్ బైపాస్ శస్త్రచికిత్స చేయించుకున్నది. ఏడాదిన్నరలో 76 కిలోలకు వచ్చింది. మధుమేహపు మాత్రలు ఆగిపోయినవి. మెట్లెక్కి మూడవ అంతస్తులో పాఠం చెప్పి వచ్చేది.

రెండేళ్ళు గడచిన తరువాత ఒకనాడు, "అన్నయ్యా, బరువు తగ్గింది, సుగర్ పోయింది. ఇంకా రోజూ ఈ గుప్పెడు మాత్రలెందుకు?" అని అడిగింది. అవి విటమిన్, ఇనుము, కాల్షియం మాత్రలు. "పాలు తాగుతున్నావు, ఆకుకూరలు తింటున్నావు. మన ఆహారంలో లేనిది ఆ మాత్రలో ఏముందమ్మా! మానేయి" అన్నాను. అది 2020వ సంవత్సరం. కరోనా కారణంగా ఆ ఏడు ఆసుపత్రికి వెళ్ళుట కుదరలేదు. మరుసటి ఏడు వెళ్ళవలసిన అవసరం కనిపించలేదు.

2022లో అరికాళ్ళలో చీమలు పాకినట్లున్నదన్నది. నేల మీద నడుస్తుంటే దూది మీద అడుగు వేసినట్లున్నదన్నది. నేను దానిని వాతవికారంగా భావించాను. తైలంతో అభ్యంగనం చేయించాను. అరిష్టమొకటి ఇచ్చాను. హిమోగ్లోబిన్ చూపిస్తే బాగానే ఉన్నది గనుక నిశ్చింతగా ఉన్నాను. మూడు నెలలు గడచినవి. ఒక రాత్రి కరెంటు పోయినపుడు, చీకటిలో కాలు ఎక్కడ పడుతున్నదో తెలియక గోడకు ఒరిగి పడిపోయింది.

అప్పుడు చేసిన రక్తపరీక్షలో విటమిన్ బి 12 110 ఉన్నది. సాధారణంగా 200 కన్న తక్కువైతే లోపమని లెక్క. ఇంజక్షన్లు మొదలుపెట్టారు. ఆరు నెలలలో నడక కుదుటపడింది. కాని కాలి వేళ్ళ చివర మొద్దుబారినతనం ఈనాటికీ పూర్తిగా పోలేదు. నాడులు ఎక్కువ కాలం ఆకలితో ఉంటే, తరువాత ఎంత పెట్టినా పూర్వస్థితికి రాకపోవచ్చు. ఆ మూడు నెలల ఆలస్యం నాది.

శస్త్రచికిత్సలో మారేదేమిటి?

ప్రస్తుతం ఎక్కువగా చేసే శస్త్రచికిత్సలు రెండు. మొదటిది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. ఇందులో ఆమాశయంలో నాలుగింట మూడు వంతులకు పైగా కోసి తీసివేసి, మిగిలిన దానిని సన్నని గొట్టం వలె ఉంచుతారు. రెండవది గ్యాస్ట్రిక్ బైపాస్. దీనికి 1966లో అమెరికాలోని అయోవాలో డాక్టర్ ఎడ్వర్డ్ మేసన్ నాంది పలికారు. ఇందులో ఆమాశయపు పై భాగాన చిన్న సంచి, సుమారు 30 మిల్లీలీటర్లు పట్టేంత, ఏర్పరచి దానిని చిన్నప్రేవులో క్రింది భాగానికి కలుపుతారు. తిన్న ఆహారం మిగిలిన ఆమాశయాన్ని, చిన్నప్రేవు మొదటి భాగాన్ని దాటుకొని పోతుంది.

మన శాస్త్రంలో అగ్నికి స్థానమని చెప్పిన గ్రహణిని, చిన్నప్రేవు మొదటి భాగంతో పలువురు పోలుస్తారు. ఆ పోలిక ప్రకారం చూస్తే, బైపాస్ అయినవారి ఆహారం గ్రహణిని తాకకుండానే వెళ్ళిపోతున్నదన్నమాట. ఇది తెలిసి కూడా "మంచి ఆహారం తింటే చాలు" అని నేను చెప్పుటే పొరపాటు. తినుట వేరు, శరీరానికి అందుట వేరు.

ఏది ఎందుకు లోపిస్తుంది?

బి 12: ఆహారంలోని బి 12ను విడదీయుటకు ఆమాశయంలోని ఆమ్లం కావలెను. విడివడిన దానిని ప్రేవులు గ్రహించుటకు ఆమాశయపు గోడలలో పుట్టే మరొక పదార్థం కావలెను. శస్త్రచికిత్సతో రెండూ తగ్గిపోతాయి. శాకాహారులకు పాలు, పెరుగు తప్ప ఇది దొరికే దారి లేదు. దీనిలో మోసం ఏమంటే, కాలేయంలో బి 12 నిల్వలు కొన్నేళ్ళపాటు వస్తాయి. అందుచేత మాత్రలు మానిన వెంటనే ఏమీ కాదు. ఏమీ కాలేదు గనుక మానుట సరియే అనిపిస్తుంది. నిల్వ తరిగిన నాడు తిమ్మిర్లు, మతిమరుపు, నాలుక మంట, తూలుడు మొదలవుతాయి. ఆకుకూరలలోని ఫోలేట్ సమృద్ధిగా అందితే రక్తం బాగానే కనిపిస్తుంది, నాడులు మాత్రం లోలోపల దెబ్బతింటాయి. హిమోగ్లోబిన్ చూచి నేను నిశ్చింతగా ఉండుటకు కారణం ఇదే.

ఇనుము: ఇది ముఖ్యంగా చిన్నప్రేవు మొదటి భాగంలో గ్రహింపబడుతుంది. నెలసరి వచ్చే స్త్రీలకు లోపం త్వరగా వస్తుంది. ఆయాసం, జుట్టు రాలుట, బియ్యమో మట్టియో తినాలనిపించుట దీని గుర్తులు.

కాల్షియం, విటమిన్ డి: ఇవి చాలకపోతే శరీరం ఎముకలలోని కాల్షియాన్ని తీసి వాడుకొంటుంది. నొప్పి ఉండదు. పదేళ్ళ తరువాత చిన్నగా జారిపడినా ఎముక విరిగినపుడు తెలుస్తుంది.

బి 1: ఒకప్పుడు మరపట్టిన తెల్లబియ్యమే ఆధారమైన కోస్తా జిల్లాలలో కనిపించిన బెరిబెరికి దీని లోపమే కారణం. దీని నిల్వలు రెండు మూడు వారాలకు మించి ఉండవు. అందుచేత శస్త్రచికిత్స అయినవారికి వాంతులు పట్టుకుంటే ప్రమాదం త్వరగా వస్తుంది.

మాత్రలు ఎంత, ఎట్లు?

మోతాదును చికిత్స చేసిన వైద్యులే నిర్ణయించవలెను. ఇంటివారికి అవగాహన ఉండుటకై సాధారణంగా సూచించే ప్రమాణాలు ఇస్తున్నాను. బి 12 రోజుకు 350 నుండి 1000 మైక్రోగ్రాములు నోటి ద్వారా, లేక నెలకు 1000 మైక్రోగ్రాముల ఇంజక్షన్. ఇనుము నెలసరి వచ్చే స్త్రీలకు రోజుకు 45 నుండి 60 మిల్లీగ్రాములు. కాల్షియం ఆహారంతో కలిపి రోజుకు 1200 నుండి 1500 మిల్లీగ్రాములు, రెండు మూడు విడతలుగా. విటమిన్ డి సుమారు 3000 యూనిట్లు, రక్తపరీక్షను బట్టి హెచ్చుతగ్గులు. బి 1 కనీసం 12 మిల్లీగ్రాములు.

ఇనుము, కాల్షియం మాత్రలను ఒకేసారి వేసికొనకూడదు. ఒకదానిని మరొకటి అడ్డుకొంటుంది. రెండింటికీ నడుమ కనీసం రెండు గంటల వ్యవధి ఉండవలెను. కాఫీ, టీలతో ఇనుము మాత్ర వేసికొనకూడదు. నిమ్మరసం కలిపిన నీటితో వేసికొనుట మేలు. కాల్షియంలో సిట్రేట్ రకం కడుపులో ఆమ్లం తక్కువైనవారికి అనుకూలం.

స్థౌల్య చికిత్సలు ఇక వీరికి తగవు

చరక సంహిత సూత్రస్థానం 21వ అధ్యాయంలో అతిస్థూలుని, అతికృశుని పక్కపక్కనే చెప్పుటలో గొప్ప అర్థమున్నది. ఇద్దరికీ చికిత్స ఒకటి కాదు. స్థూలునికి కడుపు నింపుతూ పోషణ తగ్గించే ఆహారం చెప్పారు. శస్త్రచికిత్స అయిన మనిషికి కావలసినది దానికి తలక్రిందులు. కడుపులో చోటు కొద్ది, అందులోనే నిండైన పోషణ ఇమడవలెను. ధాతువులు క్షీణించకుండా కాపాడవలసిన మనిషికి, మేదస్సు కరిగించే చికిత్స చేయుట ఎండిన పొలంలో నీరు తోడివేయుట వంటిది.

అందుచేత ఈ క్రింది వాటిని గురించి ప్రత్యేకంగా హెచ్చరిస్తున్నాను.

తేనె కలిపిన నీరు, లేహ్యాలు, బెల్లపు పానకాలు: బైపాస్ అయినవారిలో తీపి ఒక్కసారిగా చిన్నప్రేవులోకి జారుతుంది. పది నిమిషాల నుండి అరగంటలో గుండెదడ, చెమటలు, కడుపులో మెలిపెట్టుట, విరేచనం కలుగవచ్చు. దీనిని డంపింగ్ అంటారు. కొందరిలో ఒకటి నుండి మూడు గంటల తరువాత రక్తంలో చక్కెర పడిపోయి కళ్ళు తిరుగుతాయి.

ఆసవాలు, అరిష్టాలు: వీటిలో బెల్లంతో పాటు, పులియుట వలన స్వయంగా పుట్టిన మద్యసారం ఉంటుంది. బైపాస్ తరువాత మద్యసారం రక్తంలోకి త్వరగా, ఎక్కువగా చేరుతుంది. మా చెల్లెలికి అరిష్టం ఇచ్చుట నా రెండవ తప్పు. మద్యపానం సంగతి వేరే చెప్పనక్కరలేదు. మునుపు ఒక గ్లాసుకు ఎక్కనిది ఇప్పుడు అరగ్లాసుకే ఎక్కుతుంది, వ్యసనం పట్టుకొనే అవకాశమూ పెరుగుతుంది.

విరేచన చూర్ణాలు: మలబద్ధకం ఈ రోగులలో మామూలే. దానికి నీరు, నడక, పీచుగల కూరలు మొదటి చికిత్స. రోజూ విరేచనం చేయించుకొనుట వలన అందవలసిన పోషకాలు కూడా పోతాయి. ఇసబ్గోల్ వంటివి చాలినంత నీరు లేకుండా వేసికొంటే అడ్డుపడవచ్చు. ఒక్కసారిగా గ్లాసుడు నీరు త్రాగలేనివారు వైద్యుని అడుగకుండా వాడకూడదు.

ఉపవాసాలు: కార్తీక సోమవారమని, ఏకాదశి అని రోజంతా నీటితో గడుపుట వీరికి తగదు. పాలు, మజ్జిగ, పలుచని పప్పుకట్టు తీసికొంటూ, మాత్రలు మానకుండా నియమం జరుపుకొనవచ్చును.

ఇక వంటింటిలో మేలు చేసేవి ఏవి? ఉప్పు తక్కువ వేసిన పలుచని జీలకర్ర మజ్జిగ, వాయువుకు వాము నీరు, వికారానికి చిన్న అల్లం ముక్క, ఆహారానికి రుచి కలిగించే కరివేపాకు, కొత్తిమీర. ఇవి సహాయకులు మాత్రమే, మాత్రలకు బదులు కావు. జుట్టు రాలుతున్నదని తైలాలు వెదకేవారికి ఒక మాట. శస్త్రచికిత్స తరువాత మూడు నుండి ఆరు నెలల మధ్య జుట్టు రాలుట సహజం, చాలమందికి తిరిగి వస్తుంది. ఏడాది దాటినా రాలుతుంటే తలకు కాదు, రక్తంలోని ఇనుముకు, జింకుకు, భోజనంలోని మాంసకృత్తులకు చికిత్స చేయవలెను.

భోజన విధానం

చరకుడు విమానస్థానంలో కడుపును మూడు భాగాలుగా తలచి, ఒకటి ఘనాహారానికి, ఒకటి ద్రవానికి, ఒకటి దోషాల సంచారానికి విడువవలెనన్నాడు. ఇపుడు ఆ కడుపే అరచేతిలో ఇమిడేంత. కనుక ఘనానికి, ద్రవానికి వేళలే వేరు చేయవలెను. భోజనంతో నీరు త్రాగకూడదు. తిన్న తరువాత అరగంట ఆగి, గుటక గుటకగా రోజంతా త్రాగవలెను. ముద్దను మెత్తని పిండి అయ్యేవరకు నమలవలెను. ఒక భోజనానికి ఇరవై నిమిషాలు పట్టవలెను. నిండినదన్న సూచన రాగానే ఆగవలెను. "ఇంకొక్క ముద్ద" అని కొసరి వడ్డించే మన ఆప్యాయత వీరికి వాంతిగా మారుతుంది.

పళ్ళెంలో మాంసకృత్తులది మొదటి స్థానం. రోజుకు కనీసం 60 గ్రాములు కావలెను. శాకాహార గృహంలో ఇది ఎట్లు కుదురుతుందో లెక్క చూడండి. ఉదయం రెండు చిన్న పెసరట్లు 10 గ్రాములు. పదిగంటలకు గ్లాసుడు పాలు 6. మధ్యాహ్నం గట్టిపప్పు 9, కప్పు పెరుగు 3, కొద్దిగా అన్నం 2. సాయంత్రం ఉడికించిన సెనగలు 6. రాత్రి ఒక పుల్కా 3, పనీరు 50 గ్రాములు తింటే 9. అంతా కలిపి 48. ఇంత శ్రద్ధగా తిన్నా ఇంకా 12 తక్కువ. 20 గ్రాముల సోయా ముక్కలు వండుకొంటే మరొక 10 వస్తాయి, లేక వైద్యుడు చెప్పిన ప్రోటీన్ పొడి కలుపుకొనవలెను. గ్రుడ్డు తినేవారికి ఒక్కొక్క గ్రుడ్డుతో 6 గ్రాములు అందుతాయి. పప్పుచారుతో సరిపెట్టుకొనుట కూడదు, అందులో పప్పు కన్న నీరే ఎక్కువ.

బరువు తిరిగి పెరిగితే

స్వీడన్‌లో 1987లో ఒక గొప్ప పరిశీలన మొదలైంది. శస్త్రచికిత్స అయిన 2,010 మందిని, మామూలు చికిత్స పొందిన 2,037 మందిని ఏళ్ళ తరబడి గమనించారు. శస్త్రచికిత్స అయినవారిలో మరణాలు తక్కువగా నమోదైనవి. బైపాస్ అయినవారు మొదటి ఒకటి రెండేళ్ళలో సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్ళకు ఆ తగ్గుదల 25 శాతంగా నిలిచింది. శస్త్రచికిత్స అయిన మధుమేహ రోగులలో రెండేళ్ళకు 72 శాతం మందికి వ్యాధి తొలగినట్లు కనిపించగా, పదేళ్ళకు అది 36 శాతమే అయింది.

దీనిని బట్టి గ్రహించవలసినవి రెండు. కొంత బరువు తిరిగి వచ్చుట సహజం, దానికి సిగ్గుపడి వైద్యునికి ముఖం చాటు చేయకూడదు. మధుమేహం పోయినదని పరీక్ష మానకూడదు, అది మరల రావచ్చును. బరువు పెరుగుటకు మామూలు కారణం పెద్ద భోజనం కాదు. పొద్దుటి నుండి పొద్దుపోయేదాకా నోటిలో ఆడే కారప్పూస, బిస్కట్టు, తీపి లస్సీలు. చిన్న కడుపులో కూడా ఇవి సులభంగా జారిపోతాయి. వారానికొకసారి బరువు చూచుకొనుట, రోజూ నడక, కండరాలకు బలమిచ్చే వ్యాయామం మానకూడదు.

ఇంటిల్లిపాదికి తెలియవలసిన ప్రమాద సూచనలు

ఆగని వాంతులు రెండు రోజులు దాటితే ఇంట్లో చిట్కాలు చేస్తూ కూర్చొనకూడదు. చూపు రెండుగా కనిపించినా, నడక తూలినా, మాట తడబడినా అది బి 1 లోపం కావచ్చును. నీరసమని దగ్గరలో గ్లూకోజు సీసా ఎక్కించుకొనుట ప్రమాదకరం. బి 1 ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకు హాని పెరుగుతుంది. "మాకు ఈ శస్త్రచికిత్స అయింది, ముందు థయమిన్ ఇవ్వండి" అని అడుగవలెను.

బైపాస్ అయిన ఎన్నేళ్ళకైనా తీవ్రమైన కడుపునొప్పి వస్తే, ప్రేవు మెలిపడి ఇరుక్కొని ఉండవచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలెను. వేగంగా బరువు తగ్గే మొదటి నెలలలో పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడవచ్చు, కుడి డొక్కలో నొప్పిని గ్యాసు అని త్రోసివేయకూడదు. నల్లని విరేచనం రక్తస్రావానికి గుర్తు. నడుము నొప్పికో తలనొప్పికో మందుల దుకాణంలో ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి కొని వేసికొనకూడదు, అతుకు దగ్గర పుండు పడుతుంది. పొగాకు కూడా అట్టిదే.

పెళ్ళి అయిన స్త్రీలు శస్త్రచికిత్స తరువాత 12 నుండి 18 నెలలు గర్భధారణ వాయిదా వేయవలెను. గర్భిణిగా ఉన్నపుడు గ్లూకోజు త్రాగించి చేసే పరీక్షకు ముందే తమ శస్త్రచికిత్స సంగతి చెప్పవలెను.

పరీక్షల క్రమం

మొదటి ఏడాది 3, 6, 12 నెలలకు, తరువాత జీవితాంతం ఏటా ఒకసారి రక్తపరీక్షలు చేయించవలెను. పూర్తి రక్తకణాల లెక్క, ఫెరిటిన్, బి 12, ఫోలేట్, విటమిన్ డి, కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్, ఆల్బుమిన్, చక్కెర, కొవ్వులు, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు అందులో ఉండవలెను. బైపాస్ అయినవారికి జింకు, రాగి కూడ చూడవలెను. రెండేళ్ళకు ఎముకల సాంద్రత పరీక్ష మంచిది. ఏటా గుర్తుండుటకు ఉగాది వంటి ఒక తేదీతో ముడిపెట్టుకొంటే మరపు రాదు.

చివరి మాట

శస్త్రచికిత్స ఒక పూట పని. దాని సంరక్షణ జీవితకాలపు పని. నేను మా చెల్లెలి మాత్రలను చూచి, అవి రోగానికి గుర్తు అనుకున్నాను. నిజానికి అవి, దాటిపోయిన గ్రహణికి బదులుగా వేసిన వంతెన. వంతెన మీద నడుస్తూ, ఏరు ఎండినది గదా, వంతెన ఎందుకని పగులగొట్టుకొన్నాము.

ఇప్పుడు మా చెల్లెలి వంటగదిలో, ఇంగువ సీసా పక్కన వారానికి సరిపడే మాత్రల పెట్టె ఉంటుంది. ఆదివారం నాడు ఫోనులో నేను అడిగే మొదటి ప్రశ్న "పెట్టె నింపావా అమ్మా?" అని. "నింపాను అన్నయ్యా, పాదాలకు నూనె కూడ రాసుకున్నాను" అంటుంది. రెండింటికీ ఆ ఇంట చోటున్నది. ఏది ముందో ఇద్దరికీ తెలిసింది.